తలాపు గోడ

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న మన గోదావరిఖని ఇంటి గోడల పగుళ్లు పూడ్చడానికి మేస్త్రీ వచ్చాడు. పైపైన సిమెంటు రాయబోతుంటే ఆపాను. గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో తట్టి చూసే నీ కర్ర తెచ్చి గోడలన్నీ తట్టాను. డొల్లగా మోగినచోటల్లా పాత గిలాబు పూత రాలగొట్టించాను.

"నీకెట్ల తెలుసు అవ్వా?" అన్నాడు.

"మా ఆయన ఇంట్ల గోడలు గూడ తట్టి చూస్తుండె, ముప్పై ఏండ్లు విన్న."

నీ మంచం తలాపు గోడకు కర్ర తగలగానే చాపంత పెచ్చు ఊడి, నీ దిండు ఉండేచోట పడింది.

నిరుడు ఎండాకాలం దాకా అక్కడ పడుకున్నది నేను. "నాకు ఫ్యాను గాలి తగుల్తలేదు, జాగ మార్చుకుందం" అని నువ్వే అటు మారావు. వానలు తగ్గాక గిలాబు చేయిద్దామన్నావు, అంతలోనే పోయావు.

ఫ్యాను గది నడుమనే ఉంది బావా. అప్పుడు తలెత్తి చూడనేలేదు నేను.