గన్నర్ అని చెప్పాను

మార్చి 3
నేవీ వాళ్ళ సంఘం నుంచి ఫారం వచ్చింది. యుద్ధంలో మా ఆయన పనిచేసిన ఓడ మీద ఉన్నవాళ్ళ పేర్లు రాతిపలక మీద చెక్కిస్తారట. పేరు, పక్కనే చేసిన పని. ఆయన పోయి ఆరేళ్ళు కాబట్టి ఫారం మా అబ్బాయి నింపాడు. పని అన్నచోట గన్నర్ అని రాసి, కరెక్టేగా అమ్మా అన్నాడు. తల ఊపాను. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తురాక ఇంకోటి వేసుకున్నాను.

మార్చి 4
ఆయన ఫిరంగి పేల్చే గన్నర్ కాదు. వంటవాడు.

మార్చి 6, ఉదయం 6
పద్దెనిమిదేళ్ళకు ఓడెక్కారు. యుద్ధమంతా ఓడ వంటగదిలోనే. పెళ్ళిచూపుల్లో ఉన్నదున్నట్టు చెప్పారు. దాచింది నేను. పాత వీధిలో ఇంటి ఓనరావిడ నలుగురి ముందూ, ఏమే అమ్మాయ్, మీ ఆయన శత్రువుల మీదికి గరిటె విసిరాడా అని పకపకా నవ్వింది. ఇల్లు మారాక కొత్త వీధిలో గన్నర్ అని చెప్పాను. ఆయన పక్కనే ఉన్నారు. వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నారు.
నేవీ వదిలాక హోటల్ వాళ్ళు వంటకు పిలిస్తే వద్దన్నాను. గోడౌన్ కాపలాకు వెళ్ళారు. ఇరవై ఏడేళ్ళు.

మార్చి 9
సంఘం సెక్రటరీ వచ్చాడు. మా ఆయనతో ఓడలో ఉన్న మనిషి, ఇప్పుడు చేతికర్ర. ఇదేం వేళాకోళమమ్మా, మా వంటోడు గన్నర్ ఎప్పుడయ్యాడు అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
సైరన్ మోగితే వంటవాళ్ళు ముందు పొయ్యిలు ఆర్పాలట, తర్వాత దెబ్బతిన్నవాళ్ళను మోయాలట. బాంబు పడ్డ రోజు ఈయన మధ్యాహ్నం దాకా మోశారట. మళ్ళీ పొయ్యి వెలిగించి సూప్ కాచారట. వణుకుతో ఎవరి చేతిలోనూ చెంచా నిలవకపోతే ఒక్కొక్కరికీ నోట్లో పోశారట. మీసాలున్న మగాణ్ణి, నాకు పసిపిల్లాడికి పట్టినట్టు పట్టాడమ్మా అన్నాడు.
ఏటా మీటింగుకు పిలిచాం, ఒక్కసారీ రాలేదు, మా మీద కోపమా అనీ అడిగాడు.
కోపం కాదు. గుట్టు బయటపడుతుందని నేనే ఆపాను. ఆయన మీటింగుకని చొక్కా ఇస్త్రీ చేసుకునేవారు. నాకు సరిగ్గా అప్పుడే తలనొప్పి వచ్చేది.
సెక్రటరీ అబద్ధం చెక్కించలేనన్నాడు. ఫారంలో సంతకం అబ్బాయిది, కాబట్టి అబ్బాయే మార్చాలట. పన్నెండో తేదీ దాటితే పలక మీద ఆయన పేరే ఉండదట.

మార్చి 10
చెప్పలేదు.

మార్చి 11
నాలుక చివరిదాకా వచ్చింది. కోడలు పాల ప్యాకెట్ ఏదత్తయ్యా అంది. మింగేశాను.

మార్చి 12, ఉదయం 7
చెప్పాను. అబ్బాయి షూ లేసులు కడుతూ ఆగిపోయాడు. వంటవాడైతే ఏమైందే అమ్మా అన్నాడు. గన్నర్ కొడుకునని స్కూలంతా డప్పు కొట్టుకున్నాను కదే అన్నాడు. నాన్నయినా ఎందుకు చెప్పలేదన్నాడు. పిల్లల ముందు నన్ను అబద్ధాలకోరును చేయడం ఆయనకు ఇష్టంలేక అన్నాను. ఫారంలో కొట్టేసి మళ్ళీ రాశాడు. సంతకం పెట్టాడు. వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 20
పలక మీద తెర తీశారు. ఆయన పేరు, పక్కన వంటవాడు. ముసలివాళ్ళంతా ఆయన వంట గురించే. ఇంట్లో మీకు రోజూ విందేనేమో కదమ్మా అన్నాడొకాయన.
అవునన్నాను.
నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన్ని నేను ఒక్కరోజూ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.