తక్కినదంతా సదరు

కర్నూలు జిల్లా ఆలూరులో విత్తనాల వ్యాపారం చేసి కాలం చేసిన ఇల్లూరు రామలింగయ్య కూతురిని, యాభై ఆరేళ్ల శ్రీదేవిని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. కడుపులో పుండు ముదిరింది గానీ బుర్ర బాగానే ఉంది. కోపం ఇంకా బాగుంది. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు అయ్యన్నది.

1. ముందు కారణం. చినుకు పడని ఏడు కూడా కాపు నిలిచిన వేరుశనగ గింజలు నాకు దోసెడు ఇచ్చినవాడు రైతు దేవేంద్రప్ప. నాలుగే అక్షరాలు మారి మారి వచ్చే వాటి జన్యువుల వరుసను తేల్చడానికి పదకొండేళ్లు పట్టింది. అచ్చు వేస్తే 3,412 పుటలు. పేటెంటు దరఖాస్తు ముప్పై పుటలు దాటితే ఆపైన పుటకు వంద రూపాయల రుసుము. నా రెండెకరాలు అమ్మి, ఆ మూడు లక్షల ముప్పై ఎనిమిది వేల రెండు వందలూ అన్న వెంకటేశ్వర్లు చేతిలో పెట్టి ఆపరేషనుకు వెళ్లాను.

మా కొట్టు పుస్తకాల్లో పై వరుసే మళ్లీ వస్తే కింద 'సదరు' అని రాసి ఊరుకుంటాం. అన్న నా వరుసకూ అదే చేశాడు. ముప్పయ్యో పుట అడుగున 'తక్కినదంతా సదరు' అని రాసి, మిగతా కట్ట ఇంట్లో పెట్టి మద్రాసు పోయి పేటెంటు ఆఫీసులో ఇచ్చొచ్చాడు. డబ్బు తెచ్చి నా దిండు కింద పెట్టాడు. "ఆ నాలుగు అక్షరాలే గదమ్మా మళ్లా మళ్లా ఉండేది! నీ దుడ్లు నీకే మిగిల్చినా" అన్నాడు. ఆ మొహంలో ఎంత సంతోషమో!

లోపం సరిదిద్దమని ఉత్తరం వస్తే మాత్రం భయపడి బస్తాల వెనక దాచాడు. గడువు దాటింది. ఇప్పుడు ఆ గింజ మీద హక్కు, ఈలోగా దరఖాస్తు పెట్టుకున్న ఏదో కంపెనీది.

2. వదిన సుబ్బరత్నమ్మకు, ఆసుపత్రికి ఉగ్గాని తెచ్చిన ఆమె టిఫిను డబ్బా తిరిగి ఇవ్వాలి. రోజూ వేడివేడిగా తెచ్చింది. ఉత్తరం సంగతి తెలిసీ నోరు మెదపలేదు. అందుకే డబ్బా ఒక్కటే.

3. మేనకోడలు అమూల్యకు నా మైక్రోస్కోపు, పుస్తకాలు, చదువుకు ఆ మిగిల్చిన డబ్బు. బంగారు తల్లి. వాళ్ల నాన్నకు ఒక్క పుట రాసిపెట్టినా ఇవేవీ రావు.

4. నాన్న నా పేర రాసిన కొట్టులో అన్న ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నాడు. అదే అతని బతుకు. అది అతనికి కావాలంటే 3,412 పుటలూ సొంత చేత్తో, ఒక్క 'సదరు' లేకుండా రాయాలి. చెయ్యి వణుకుతుందని నాకు తెలుసు. అక్షరం తప్పితే ఆ పుట మళ్లీ రాయాలి. అయ్యన్న సరిచూడాలి.

5. ఈ అయిదో అంశం అయ్యన్న ఒక్కడే చదవాలి. చివరి పుట ముగిసిన రోజునే అన్నకు వినిపించాలి. కొట్టును పోయిన నెలలోనే దేవేంద్రప్పకు దానంగా రిజిస్టరు చేశాను. అన్నకు ఇందులో వచ్చేది ఏమీ లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో అడిగితే ఈరోజే తెలిసిపోతుంది. కానీ ఆ కాగితం తీయించడానికి రుసుము కట్టాలి గనక అన్న అడగడు.

2008 నవంబరు 17, కర్నూలు.
(సంతకం) ఇల్లూరు శ్రీదేవి

సాక్షులు: ఏసేపు, ప్రయోగశాల సహాయకుడు, కృపమణి, నర్సు