విద్యవ

టెక్కలి కాపురస్తుడు, కీర్తిశేషులు రామూర్తిగారి కుమారుడు, ఎఫ్.ఏ. చదువుతూ క్షయ వల్ల మానుకున్న వేంకటాచలం అనే నేను, వయస్సు పంతొమ్మిది, ఊపిరి చెడినా బుద్ధి చెడలేదని ఎరిగి, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేతితో రాసిన మరణశాసనం. దీన్ని నడిపించే భారం మా తెలుగు మేష్టారు కామేశ్వరరావుగారిది.

1. అమ్మమ్మ నా పేర రాసిచ్చిన కవిటి కొబ్బరితోట యావత్తూ నా భార్య దమయంతికి దఖలు. ఆమె నా మేనమామ కూతురు, పద్నాలుగేళ్లు. మాఘంలో కాపురానికి రావలసింది. తోట ఫలసాయం ఆమె చదువుకే వాడాలి.

2. రెండు మాటలు అతికి ఒక మాట చేయడం నాకు ఈమధ్య పట్టిన పిచ్చి. అవీ నా ఆస్తే. "కొబ్బరువు" మా తోటలో కాయలు మోసే బొడ్డమ్మకు. గంప దించకుండానే ఆమె, "ఏటి బాబూ, పేరెడితే బరువు తగ్గిపోద్దేటి?" అని నవ్వింది. తగ్గదు. అందుకని నా గొడుగు కూడా ఆమెకే. "మంచంచు" మా అమ్మ దుర్గాంబకు; ఇప్పుడు ఆమె ఉండేది అక్కడే. అలిగి, కలకండ పలుకు చేతిలో పడగానే నవ్వేసే "అలకండ" దమయంతిది. "దగ్గుర్తు" ఎవరికీ ఇవ్వను. దగ్గినప్పుడు నెత్తురు పడిన గుడ్డలతోపాటు కాల్చేయండి.

3. పెదనాన్న అప్పలనరసింహంగారికి ఏమీ లేదు. మొన్న పక్కగదిలో ఆయన, "పదోరోజుకి మంగలికి ఇప్పుడే చెప్పి ఉంచండర్రా, ఆ వేళకి దొరకడు" అన్నారు. దమయంతి జుట్టు కోసం. గోడ పల్చన.

4. ఆ సాయంత్రమే దమయంతి నన్ను చూడవచ్చి, పలక చూపించి, "ఇలాగేనా బావా రాస్తారు? అందరూ నన్ను చూసి ఇదే గొణుగుతున్నారు" అంది. విధవ అని రాయబోయి, నేను నేర్పిన "విద్య"కు చేయి అలవాటుపడి, "విద్యవ" అని రాసింది. ఇలాగే అన్నాను. నేను అతికిన వాటిలో ఇంత మంచి మాట లేదు. నా తరువాత ఆమెను అదే అనాలి. విద్యవకు జుట్టు తీయరు, మూల కూర్చోబెట్టరు, బడికి పంపుతారు.

5. మంగలి పోలయ్య నిన్న నాకు గడ్డం గీస్తుంటే, ఆ పనికి రావద్దని అడిగాను. చాలాసేపు కత్తి నూరాడు. "రానని సెప్పలేను బాబూ. నేను రాపోతే ఇంకోడొత్తాడు. ఆయమ్మే ఊర్లో లేపోతే మాత్రం, ఎవుడొచ్చి ఏటి సేత్తాడు?" అన్నాడు. కనుక మేష్టారూ, నా చితి ఆరేదాకా ఆగకండి. ఆ రోజే దమయంతిని నౌపడాలో రైలెక్కించి, రాజమండ్రి ఆడపిల్లల బడిలో చేర్చండి. మేనమామ ఒప్పుకున్నారు, గొంతెత్తి మాత్రం చెప్పలేరు.

కీలక నామ సంవత్సరం, కార్తీక బహుళ పంచమి, శుక్రవారం, టెక్కలి.

(సంతకం) వేంకటాచలం

సాక్షులు:
వైకుంఠరావు, దమయంతి తండ్రి
మంగలి పోలయ్య, వేలిముద్ర