రీల్‌కు లైకులు, వ్యాసానికి సున్నా

నారాయణఖేడ్,
జనవరి 19.

విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సైటేషన్లు లేవను కారణముచే నా కాంట్రాక్టు పొడిగింపు నిలిపివేత – పునఃపరిశీలన గురించి.

నేను ఇక్కడి డిగ్రీ కాలేజీలో తొమ్మిదేండ్లుగా వృక్షశాస్త్రం చెప్పుచున్న కాంట్రాక్టు లెక్చరరును. నా వ్యాసమును ఇతర పరిశోధకులు కనీసం మూడుసార్లు తమ వ్యాసాల్లో పేర్కొననిచో మార్చి తరువాత నా సేవలు అక్కరలేదని తమ కార్యాలయం తాఖీదు పంపినది. అందుపై నా మనవి:

1. కందులకు పురుగు పట్టకుండా గుమ్మిలో బూడిద, వేపాకు వరుసలుగా వేయు నాగల్‌గిద్ద రైతుల పద్ధతిపై రెండేండ్లు తిరిగి, తమ విశ్వవిద్యాలయ పత్రికలోనే వ్యాసము ప్రచురించితిని. నేటివరకు దానిని పేర్కొన్నవారు ఒక్కరు. ఆ ఒక్కరూ నేనే. అది చెల్లదని తమవారు కొట్టివేసిరి.

2. మా విద్యార్థిని సౌందర్య అదే పద్ధతిపై ముప్పై సెకన్ల రీల్ తీసినది. అందులో మాట్లాడినది, నాకు ఆ పద్ధతి చూపిన రైతు సంతోషమ్మ. ఆరున్నర లక్షల మంది చూచిరి. మూలన బస్తా పట్టుకొని నిలబడినది నేను.

3. నా భార్య రోజ ఆదివారం చర్చిలో "మా ఆయనకు సైటేషన్లు రావాలె" అని ప్రార్థన విన్నపం ఇచ్చినది. ఆమెన్ అనగానే సంఘమంతా ఫోన్లు తీసి రీల్‌కు లైకులు కొట్టినది. "ఇగ నీ నౌకరీ పక్కా సారూ! మా అవ్వతోని గూడ కొట్టిచ్చిన" అని మా సంఘంలోని ప్రేమదాసు మిఠాయి అడుగుతున్నాడు. లైకు వేరు, సైటేషన్ వేరు అని ఆయనకు ఏ మొఖంతో చెప్పను అయ్యా?

4. ఆ రీల్ చూసి పరిశోధకులు మూడు వ్యాసాలు రాసినారు. మూడింటిలోనూ పేర్కొన్నది "సంతోషమ్మ, నాగల్‌గిద్ద" అని. తమ తాఖీదు ప్రకారం లెక్చరరు అర్హత ఆమెకు వచ్చినది.

కావున ఆ మూడింటినీ నా పేరున లెక్కించి నా నౌకరీ నిలుపవలెనని కోరుచున్నాను. తీరిక చేసుకొని తమరే చిత్తగించవలెను. వచ్చి పాఠాలు చెప్పుటకు సంతోషమ్మకు తీరిక లేదు, కంది నూర్పిడి ఉన్నది.

తమ విధేయుడు,
ఇమ్మానుయేల్

తా.క.: పోస్టు చేసేముందు ఇది సంతోషమ్మకు చదివి వినిపించాను. "మంచిగనే రాసినవ్ సారూ. మరి నువ్వు పత్రికల రాసిన దాంట్ల నా పేరు యాడుంది?" అన్నది. వ్యాసం తీసి చూశాను. "ఒక స్థానిక మహిళా రైతు" అని ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను అయ్యా. నా కోరిక వాపసు తీసుకుంటున్నాను. ఆ వ్యాసంలో నా పేరు తీసి ఆమె పేరు వేయించండి. ఈ మాట ఆమెకు చెప్తే, "నీ పేరు గూడ ఉండనియ్యి సారూ, నీకు ఇంట్ల పిల్లలున్నరు" అన్నది.