మొరీటా ఇచ్చిన సాకే కప్పు

అక్టోబర్ 6, ఆదివారం

మందు అన్న మాటే వినపడకూడదని నేను ఒట్టు వేయించుకున్న ఇంట్లోకి ఇవాళ ఒక సాకే కప్పు వచ్చింది. మా ఆయన రఘు ఆఫీస్‌లో మొరీటా అని ఒక జపాన్ మేనేజర్ ఉన్నాడు. ఇక్కడి అసైన్‌మెంట్ అయిపోయి డిసెంబర్‌లో నగోయా వెళ్లిపోతున్నాడు. గుర్తుగా ఉంచుకోమని ఇచ్చాడట. చిన్న చెక్క పెట్టె, చుట్టూ బట్టతాడు, లోపల మెత్తటి కాగితంలో కప్పు. వాళ్లు బియ్యంతో చేసుకునే మందు ఇందులోనే తాగుతారు.

రఘు తాగడం మానేసి ఏడాది దాటింది. కిందటేడు తాగి కారు నడిపిన డీయూఐ కేసు అయ్యాక లాయర్, కోర్టు, లైసెన్స్ సస్పెన్షన్, ఏదీ తప్పలేదు. ఇంకోసారి తాగితే నేను ఈ ఇంట్లో ఉండనని అప్పుడే చెప్పాను. బెదిరింపు కాదు, నిజంగానే వెళ్లిపోతాను. ఆ సంగతి అతనికీ తెలుసు.

పారేస్తే పారేయి, నాకేం ఫర్వాలేదు అన్నాడు రఘు. ఫర్వా ఉందని గొంతులోనే తెలిసింది.

అక్టోబర్ 8, మంగళవారం

వంకర కప్పు. బ్రేక్ పార్టుల క్వాలిటీ చూసే ఉద్యోగం నాది. వంకర కనబడితే ఊరుకోలేను. ఆఫీస్ నుంచి కాలిపర్ తెచ్చి మరీ కొలిచాను. అంచు ఒకచోట పల్చన, ఒకచోట మందం. పక్కన సొట్ట, ఎవరో బొటనవేలితో నొక్కి అలాగే వదిలేశారు. అడుగున పూత లేకుండా ఉత్త మట్టి, దానికో గాటు. ఆ గాటు కావాలనే పెట్టారు! మా ప్లాంట్‌లో అయితే నేరుగా పనికిరాని పార్టుల రెడ్ బిన్‌లో వేస్తాను.

రంగు మాత్రం మీగడ రంగు. అక్కడక్కడా లేత గులాబీ.

అక్టోబర్ 12, శనివారం

పాత బట్టలతో పాటు కప్పుని కూడా డొనేషన్ సెంటర్‌లో ఇచ్చేద్దామని వెళ్లాను. పార్కింగ్‌లో ఒకసారి చూద్దామని పెట్టె తెరిచాను. చేతిలోకి తీసుకుంటే నా బొటనవేలు సరిగ్గా ఆ సొట్టలో కూర్చుంది. మట్టి అడుగు అరచేతికి గరుగ్గా తగిలింది. బరువూ లేదు, తేలికా కాదు. ఎంతసేపు అలా ఉన్నానో, వెనక కారువాడు హారన్ కొట్టాడు.

బట్టలు ఇచ్చేశాను. కప్పు తిరిగొచ్చింది. సొంత కారులో సాకే కప్పు పట్టుకుని కూర్చున్న నన్ను మా ఊరు నోవైలో తెలుగువాళ్లెవరైనా చూసి ఉంటే అంతే సంగతులు.

అక్టోబర్ 17, గురువారం

రఘుకి లేట్ మీటింగ్. ఆ కప్పులో కాఫీ పోసుకున్నాను. మూడు గుక్కలకే అయిపోయింది. మళ్లీ పోసుకున్నాను. మగ్గులో తాగేటప్పుడు తాగుతున్నట్టే తెలియదు, ఒక చేత్తో మెయిల్స్ చూస్తూనే ఉంటాను. ఇది చేతిలో ఉంటే ఇంకో పని చేయబుద్ధి కాదు. కాఫీ వేడి మట్టిలోంచి మెల్లగా వేళ్లకి వచ్చింది. చాలా రోజుల తర్వాత ఊరికే కూర్చున్నాను.

కడిగి, తుడిచి, ప్యాంట్రీలో బియ్యం డబ్బా వెనక పెట్టాను. దాచడం ఎందుకు? తాగింది కాఫీయే కదా.

రఘు రాగానే అలవాటు ప్రకారం కోటు అందుకునే నెపంతో దగ్గరికెళ్లి వాసన చూశాను. ఏమీ లేదు. ఓకే అన్నాను. అతను తల దించుకుని లోపలికి వెళ్లాడు.

అక్టోబర్ 18

ఇవాళ కూడా.

అక్టోబర్ 29, మంగళవారం

కప్పు లోపల సన్నటి గోధుమరంగు గీతలు. పగిలిందేమోనని వెలుతురులో పెట్టి చూశాను. పగల్లేదు, కాఫీ మరక. బేకింగ్ సోడా వేసి రుద్దినా పోలేదు. వస్తువు పాడైతే బాధ కలగాలి. ముందుకంటే బాగుంది అనిపిస్తోంది. నాకేమవుతోంది?

నవంబర్ 9, శనివారం

మొరీటా వాళ్ల మూవింగ్ సేల్, ఇంట్లో సామాన్లు అమ్మేస్తున్నారు. నేనొక్కదాన్నే వెళ్లాను. వాళ్లావిడ సచికో కప్పు రంగు మారిందా అని అడిగింది. మారిందంటే చిన్నపిల్లలా సంబరపడింది. అది హాగీ అనే ఊరి మట్టి అట. పూతలో కంటికి కనపడని పగుళ్లుంటాయట. ఏది పోసి తాగితే అది వాటిలోకి దిగి, ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారుతుందట. దాన్ని పాడవడం అనరట, కప్పుని పెంచడం అంటారట. వాళ్ల నాన్న పోయాక కూడా ఆయన కప్పు చూస్తే ఏ వైపు పెదవి ఆనించేవాడో తెలిసేదని చెప్పింది.

తర్వాత, రఘువీర్‌గారు ఇంట్లో కూడా అందులో నీళ్లే తాగుతున్నారా అంది.

ఇంట్లో కూడా?

నా మొహం చూడకుండానే తను చెప్పుకుంటూ పోయింది. కస్టమర్లతో డిన్నర్లు ఎప్పుడూ ఆ జపాన్ బార్‌లోనే అట. అక్కడ రకరకాల కప్పులున్న పళ్లెం తెచ్చి, ఎవరికి నచ్చింది వాళ్లని తీసుకోమంటారట. రఘు ప్రతిసారీ వంకర కప్పే తీస్తాడట. అందుకే మొరీటా అలాంటిదే జపాన్ నుంచి తెప్పించాడట. వాళ్ల పద్ధతిలో ఎవరి కప్పులో వాళ్లు పోసుకోరు, పక్కవాడు పోస్తాడు. పక్కవాడి కప్పు ఖాళీ అవ్వనివ్వరు. అంతమందిలో వద్దు వద్దు అంటుంటే రఘుకి ఇబ్బంది. కిందటేడు నుంచి మొరీటా రఘు పక్కనే కూర్చుని, నీళ్లున్న బుడ్డి ఒకటి విడిగా పెట్టుకుని, దాంట్లోంచే పోస్తున్నాడట. సాకే కూడా నీళ్లలాగే ఉంటుంది, ఎవరికీ తెలియదు.

థాంక్యూ అన్నాను. ఏం చేయాలో తోచక ఒక గొడుగుల స్టాండ్ కొన్నాను. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గొడుగు.

అదే రోజు, సాయంత్రం 5

అయితే లేట్ మీటింగులన్నీ బార్‌లోనే. నాతో అబద్ధమాడాడు. కానీ తాగలేదు. తాగలేదని సచికో అంది, సచికోకి మొరీటా చెప్పాడు. మొరీటా స్నేహితుణ్ణి కాపాడుతున్నాడేమో? మరి నా ముక్కుకి ఒక్కసారైనా దొరకాలి కదా?

కోపం రావాలా, ఏడుపు రావాలా? రెండూ సగంసగం వచ్చి ఆగిపోయాయి. రఘుని ఏమీ అడగలేదు. అడిగితే బియ్యం డబ్బా వెనక సంగతి నేనూ చెప్పాలి.

నవంబర్ 21, గురువారం

మొదటి మంచు. రఘు తొందరగా వచ్చేశాడు. నేను కాలు జారకుండా డ్రైవ్‌వేలో ఉప్పు చల్లి లోపలికొచ్చేసరికి సింక్ దగ్గర నిలబడి ఉన్నాడు. బియ్యం డబ్బా వెనకుండే కప్పు అతని చేతిలో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు.

నన్ను చూసి దించేశాడు. ఎప్పట్నుంచి తాగుతున్నావ్ అని మెల్లగా అడిగాడు. కాఫీ అన్నాను. కాఫీ అయితే దాచుకోవడం దేనికి అన్నాడు. ఏమో, నాకే తెలియదన్నాను. అదే నిజం. నా చెవికే అబద్ధంలా వినపడింది.

ఓకే అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆ ఓకే నాది. ఏడాదిగా రోజూ నేను అతనితో అంటున్నదే. నమ్మలేదు కానీ ఇప్పటికి వదిలేస్తున్నాను అని దానర్థం. తాగలేదని చూపించడానికి మనిషి దగ్గర ఏముంటుంది? నోరు తెరిచి చూపించనా?

నవంబర్ 22, శుక్రవారం

అంతా చెప్పేశాను. పార్కింగ్, కాఫీ, మరక, సచికో మాటలు. రఘు నమ్మాడు. నమ్మడం అతనికి ఎంత తేలిక!

బార్ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే వెళ్లనిచ్చేదానివా మృదులా అన్నాడు. ఇచ్చేదాన్ని కాదు అన్నాను. మరి ఇంకేం చెప్పమంటావ్ అన్నాడు. మొరీటా మొదటిసారి నీళ్లు పోసిన రోజు కళ్లనీళ్లు ఆపుకోలేక రెస్ట్‌రూమ్‌లోకి వెళ్లిపోయాడట. వాడు నన్ను ఒక్క మాట అడగలేదు తెలుసా, పోశాడంతే, అన్నాడు.

నేను అడగని రోజు లేదు. నాకు సిగ్గేసింది. కానీ నేను అడగడం వల్లే మానాడేమో కదా. ఏది నిజమో తెలియడం లేదు.

డిసెంబర్ 4, బుధవారం

రేపు మొరీటా ఫేర్‌వెల్ డిన్నర్. బార్‌లో అని మొదటిసారి నోటితో చెప్పాడు. మొరీటా రేపు పెద్దవాళ్ల మధ్య కూర్చోవాలట. రఘు పక్కన కొత్తగా వచ్చిన మేనేజర్. ఆయనకి రఘు సంగతి తెలియదు. కప్పు ఖాళీ అయితే బుడ్డి ఎత్తి పోసేస్తాడు.

వద్దులే, మానేయి అని నోటిదాకా వచ్చింది. వెళ్లిరా అన్నాను. ఎందుకన్నానో.

డిసెంబర్ 6, ఉదయం

నిన్న ఎనిమిదిన్నరకి వచ్చాడు. అక్కడ పచ్చి చేపలే, పెరుగన్నం పెట్టు అన్నాడు. పక్కన నిలబడి వడ్డించాను. వడ్డించినంతసేపూ వాసన చూడకుండా ఊపిరి బిగబట్టాను.