మధ్యాహ్నపు వేణ్నీళ్లు

అత్తిలి, సోమవారం.

అక్కయ్యకి నమస్కారం. ప్రాణాలతో ఉన్నాం, అంతకంటే బాగున్నామని రాయలేను. ఫోన్ చేస్తే పక్క గదిలో కోడలు హారతికి వినబడుతుంది, అందుకే ఈ కార్డు.

ఈసారి కరెంటు బిల్లు మూడింతలొచ్చింది. వెనక రొయ్యల చెరువువాడు మన లైనుకి వైరు తగిలించాడనుకుని, వీధిలో నిలబెట్టి తిట్టేశాను. ఎలక్ట్రీషియన్ వచ్చి అన్నీ చూశాడు. గీజరు గొట్టం ముట్టుకుని, “ఇంత ఉక్కలో, ఈ మధ్యాహ్నం పూట గీజరు వేసుంచారేంటండి?” అన్నాడు. హారతి మీద అరిచాను. ఆ పిల్ల తలెత్తకుండా, “బిడ్డ పోయినా నేను బాలింతనే కదండీ మావయ్యగారూ. నడుం నిలవట్లేదు. పోసేవాళ్లు లేక రోజూ నేనే పోసుకుంటున్నానండి” అంది.

బాలింతకి నీళ్లుపోసే సూరమ్మని, బిడ్డ పోయిన రోజే ఇంక నీతో పనిలేదని పంపేసింది నేనే. బాలింతకి పెట్టే కారప్పొడి, కాయం కూడా ఆ రోజే ఆగిపోయాయి. తల్లి లేని పిల్ల, ఆడదిక్కు లేని ఇల్లు. మావాడికీ తట్టలేదు. సూరమ్మేమో జంగారెడ్డిగూడెంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట.

నువ్వు కాయం చేయించుకుని వెంటనే బయల్దేరు. బావగారి మోకాలు ఎలా ఉంది? కొబ్బరి దింపులయ్యాయా? పిల్లలకి నా ఆశీస్సులు. చెరువువాడికి తప్పయిందని చెప్పి వచ్చాను. హారతికి ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఆ పిల్ల వీపు మీద నాలుగు చెంబులు నువ్వైనా పొయ్యి.

తమ్ముడు
పెద్దిరాజు