సైడ్‌కారు విడుదల కోరుతూ

ప్రాంతీయ రవాణా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తనిఖీలో స్వాధీనపరచుకున్న మోటారు సైకిలును, దానికి పక్కన బిగించిన సైడ్‌కారుతో సహా విడిచిపెట్టవలసినదిగా మనవి.

నేను కార్లకూ మోటారు సైకిళ్లకూ సీట్లు కుట్టుకుని బతుకుతున్నవాడిని. అర్జీ రాయడం ఇదే మొదలు. మీ ఆఫీసు మెట్ల పక్కన కూర్చుని అర్జీలు రాసిపెట్టే పెద్దాయన్ని సలహా అడిగితే, జరిగింది మాత్రమే రాయమనీ, గోడు వెళ్లబోసుకోవద్దనీ చెప్పారు. ఆ ప్రకారమే మొదలుపెడుతున్నాను.

1. సదరు బండి, బోర్డులు రాసే పెయింటరు గారి పేర రిజిస్టరై ఉన్నది. ఆయన నాతోపాటు చదువుకున్నవారు. ఇకపై ఈ అర్జీలో 'మిత్రుడు' అని పేర్కొనబడును. మా అక్క భర్త మెకానిక్కు, ఇకపై 'బావ'. రెండవ బండి బావది. మేము ముగ్గురమూ ఈ రెండు బండ్ల మీద ఆఫ్రికా ఖండాన్ని అడ్డంగా దాటుటకు, అనగా కెన్యా రేవులో దిగి, టాంజానియా, జాంబియాల మీదుగా నమీబియాలో అవతలి సముద్రం ఒడ్డు దాకా పోవుటకు నిశ్చయించుకున్నాము. బండ్లు ఓడలో ముందుగా వెళ్లవలెను. ఓడ ఈ నెలాఖరున బయలుదేరును. మీ యార్డులో ఉన్న బండి దానంతటది లేచి వెళ్లి ఓడ ఎక్కజాలదు.

2. ఆఫ్రికాకే ఎందుకని మీ కౌంటరులో అడిగారు. వెనక జనం తొందరపెడుతుంటే జవాబు చెప్పలేకపోయాను. మిత్రుడు వయసులో ఉండగా ఒక ప్రయాణాల ఏజెన్సీ గోడ నిండా ఆఫ్రికా బొమ్మ వేశారు. ఎర్రమట్టి రోడ్డు, పసుపు గడ్డి, దూరంగా జిరాఫీలు. ఏజెన్సీ వారిచ్చిన క్యాలెండరు చూసి వేసిన బొమ్మ అది. అందరూ మెచ్చుకున్నారు. ఆయనకు మాత్రం ఆ ఎరుపు మీద అనుమానం పోలేదు. మట్టి నిజంగా అంత ఎర్రగా ఉంటుందా, లేక అచ్చువేసినవాడు రంగు ఎక్కువ పోశాడా అని ఇన్నేళ్లుగా మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. మాకేం తెలుసు?

3. మిత్రుడి చూపు అంచుల నుంచి తరిగిపోతున్నది. మొదట చీకటి పడితే కనిపించేది కాదు. తర్వాత పక్కన నిలబడ్డ మనిషి కనిపించలేదు. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కాస్త మేర మాత్రం కనిపిస్తుంది. ఆ గొట్టం కూడా సన్నబడుతున్నది. చివరగా రాసింది ఒక బేకరీ బోర్డు. మొదటి అక్షరం దగ్గర నిలబడితే చివరి అక్షరం కనిపించక, పేరు బోర్డు దాటి గోడ మీదికి పోయింది. మిత్రుడు ఇంటికొచ్చి కుంచెలన్నీ కిరోసిన్‌లో కడిగి, తుడిచి పెట్టేశాడు. మళ్లీ ముట్టుకోలేదు. దీనికి మందు లేదనీ, చూడాలనుకున్నవి వాయిదా వేయవద్దనీ కంటి డాక్టరు గారు చెప్పారు. మిత్రుడి భార్య ఒప్పుకోదేమోనని భయపడుతూ అడిగాను. ఆమె చేస్తున్న పని ఆపకుండానే, "తీసుకెళ్లండి అన్నయ్యా. ఇంట్లో కూర్చోబెడితే మాత్రం ఆగుతుందా?" అన్నది.

4. మేము సరదాకు బయలుదేరినవాళ్లం కామని తెలుపుటకు, చేసుకున్న ఏర్పాట్లు మనవి చేస్తున్నాను. ఆ దేశాలకు తప్పనిసరైన ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాము. ఇంజను మొత్తం విప్పి గోనెపట్టా మీద పరచడానికి వెనకాడని బావ, సూది చూడగానే నర్సమ్మ భుజం మీదికి ఒరిగిపోయాడు. మేడ మీద గుడారం వేసుకుని వానలో పడుకుని చూశాము. నీళ్లు లోపలికి వచ్చాయి. మళ్లీ కుట్టాను. దారిలో టైరు విప్పి ట్యూబు అతుక్కోవడం బావ మా ఇద్దరికీ నేర్పాడు. నా వేళ్లు నలిగాయే కానీ పని సాగలేదు. మిత్రుడు కావాలనే కళ్లు మూసుకుని చేసి చూపించాడు. ఎందుకురా అంటే, "ఎలాగూ అలవాటు కావాలిగా" అన్నాడు. బావ పానా వెతికే నెపంతో లోపలికి వెళ్లాడు.

సైడ్‌కారు పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికింది. అప్పటిదాకా ఎవరో అందులో పూలమొక్కలు పెంచారు. బావ దానికి తుప్పు గీకి, అడుగు మార్చి, చక్రం వేసి బండికి బిగించాడు. సీటు నేను కుట్టాను. కూర్చున్నవాడికి ఎదురుగా రోడ్డంతా కనిపించాలని కొంచెం ఎత్తు పెట్టాను. సొంత డబ్బా కొట్టుకుంటున్నాననుకోకపోతే, అంత మంచి సీటు నేను ఇంకెవరికీ కుట్టలేదు.

5. సామానంతా కట్టి, బండ్లు బరువు మోయగలవో లేదో చూద్దామని ఊరి బయటి రోడ్డు మీదికి వెళ్లినప్పుడు మీ ఇన్‌స్పెక్టరు గారు ఆపారు. కాగితంలో రెండు చక్రాలున్నాయనీ, బండికి మూడున్నాయనీ అన్నారు. నిజమే. మార్పుకు అనుమతి తీసుకోవాలని మాకు తెలియదని చెప్పుకున్నాము. తెలియకపోవడం సాకు కాదన్నారు. అదీ నిజమే. మిత్రుణ్ణి మర్యాదగానే చెయ్యి పట్టి దింపారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఎవరి మీదా లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

6. తదుపరి మీ కార్యాలయంలో మార్పు అనుమతికి బండి తయారుచేసిన కంపెనీ ఉత్తరం తెమ్మన్నారు. ఆ కంపెనీ మూతపడి చాలా కాలమైంది. అయితే ఇంజనీరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. ఇంజనీరు గారు బండిని చూడకుండా సంతకం పెట్టనన్నారు. బండిని ఆయన దగ్గరికి తీసుకెళ్లాలంటే ముందు విడుదల కావాలి. విడుదల కావాలంటే సర్టిఫికెట్టు ఉండాలి. ఈ సంగతి ఒక్కో కౌంటరులో వివరించేసరికి నాకే తికమకగా ఉంది.

మీ గుమాస్తా ఒకరు నా మీద జాలిపడి, సైడ్‌కారు ఊడదీసేస్తే బండి వదిలేస్తారనీ, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని పొమ్మనీ, ఇంత పట్టుదల ఎందుకనీ అన్నారు. అయ్యా, మిత్రుడికి కనిపించేది ఎదురుగా ఉన్నది మాత్రమే. వెనక కూర్చుంటే వాడికి ఎదురుగా ఉండేది నేను. నాది వెడల్పాటి వీపు. అన్ని దేశాలు దాటించి, ఓ సముద్రం నుంచి ఇంకో సముద్రం దాకా వాడికి నా చొక్కా చూపించి తీసుకురమ్మంటారా?

7. మమ్మల్నిద్దర్నీ వెళ్లమని మిత్రుడే చెప్పాడు. "నా ఒక్కడి కోసం మీరిద్దరూ ఆగిపోవడం ఏంటి? వెళ్లి చూసొచ్చి చెప్పండి" అన్నాడు. బావ లేచి, తన బండి ముందు చక్రం విప్పేసి, షెడ్డులో పెట్టి తాళం వేశాడు.

8. మిత్రుడు రోజూ పొద్దున్నే భార్యను వెంటబెట్టుకుని బస్సులో మీ యార్డుకు వస్తున్నాడు. స్వాధీనమైన లారీల మధ్య, మోకాళ్ల లోతు గడ్డిలో మా బండి ఉన్నది. అప్పుడే ఒక అద్దం పోయింది. దాని గురించి ఫిర్యాదు చేయడం లేదు. మొదటి రోజు వాచ్‌మన్ గారు పొమ్మన్నారట. మిత్రుడు బతిమాలి, సైడ్‌కారులో ఎక్కి కూర్చున్నాడట. ఏం చేస్తున్నారని అడిగితే, "రోజంతా కూర్చోవాలి కదండీ, నడుముకు అలవాటు చేస్తున్నాను" అన్నాడట. తర్వాత వాచ్‌మన్ గారే గేటు తీసి, ఇవాళ ఎందాకా వెళ్లారని అడగడం మొదలుపెట్టారు. మొన్న జాంబియాలో ఉన్నామని చెప్పాడట. ఇది నాకు మిత్రుడి భార్య చెప్పింది. చెప్పి, నేనేమైనా చేయగలనేమోనని నా మొహం చూసింది. నేను సీట్లు కుట్టేవాడిని. ఏం చేయగలను?

కావున తమరు దయతో బండిని సైడ్‌కారుతో సహా విడిచిపెట్టగలరు. అది నిబంధనలకు కుదరని పక్షంలో, ఇంజనీరు గారిని యార్డులోకి రానిచ్చి బండిని అక్కడే చూసుకొనుటకైనా అనుమతించగలరు. పై సంగతులన్నీ తీరిక చేసుకొని, ఓడ రేవు దాటక ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సీట్లు కుట్టేవాడు
(మిత్రుడి తరఫున, బావ తరఫున కూడా)

తా.క.: అర్జీ పూర్తిచేసి ఇద్దామని వస్తూ దారిలో యార్డు దగ్గర ఆగాను. పాత వాచ్‌మన్ గారిని వేరే చోటికి వేశారట. కొత్తాయన బయటివాళ్లను లోపలికి పంపడానికి లేదన్నారు. మిత్రుడూ, భార్యా గేటు బయట నిలబడి ఉన్నారు. బండి ఎటువైపు ఉందిరా అని అడిగాడు. నేను రెండు చేతులతో వాడి తల పట్టుకుని అటు తిప్పాను. కాసేపు చూసి, "ఆ, కనిపిస్తోంది" అన్నాడు. అప్పుడు నేనూ చూశాను. రాత్రికి రాత్రి లారీ ఒకటి తెచ్చి అడ్డంగా పెట్టారు. బండి నాకే కనిపించలేదు.

పైన రాసినవన్నీ తర్వాత చూసుకుందాం సార్. ఆ కొత్త వాచ్‌మన్‌తో ఒక్క మాట చెప్పండి. మావాణ్ణి లోపలికి రానిచ్చి, అందులో కూర్చోనిస్తే చాలు.